కనేలాకి పట్టిన దురద

అసిమీనా నేల కడగడం మానేసిందంటే గ్రీసు దేశపు కవాలా రేవులో సముద్రం ఇంకిపోయిందన్నంత వార్త. కోట కింద ఆ మెట్ల వీధిలో ముప్పై నాలుగేళ్లుగా పొద్దున ఏడు కొట్టేసరికి ఆమె గుమ్మం ముందు బకెట్టు చప్పుడవ్వాల్సిందే, క్లోరిన్ వాసన వీధి మలుపు దాకా గుప్పుమనాల్సిందే. ఆ వీధి ఆడవాళ్లు ఇంటి శుభ్రాన్ని ముక్కుతో కొలుస్తారు. నేల అద్దంలా మెరిసినా వాసన రాకపోతే ఆ ఇల్లాలు పైపైన తుడిచి ఊరుకుందనే వాళ్ల తీర్పు. అసిమీనా గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్లకి కళ్లు మండి నీళ్లు కారేవి. అది చూసి ఆమెకి కడుపు నిండేది.

ఆ ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు భర్త లాజరోస్. రేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు, నోట్లో నాలుక లేని మనిషి. తడి నేల మీద అడుగు పడితే ఇల్లాలు ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టి పొద్దున్నే బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దాటేవాడు, కాఫీ దుకాణంలో కూర్చుని మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేవాడు. రెండోది కనేలా. దాల్చినచెక్క రంగు పిల్లి, అందుకే ఆ పేరు. ఎనిమిదేళ్ల కిందట కూరగాయల బజారులో ఆగిన లారీ ఇంజన్ లోంచి దాన్ని అసిమీనాయే బయటికి లాగింది. కళ్లు కూడా తెరవని దానికి సిరంజితో పాలు పట్టి బతికించింది. కన్నకొడుకు స్ట్రాటోస్‌ని చంకనేసుకుని తిరిగింది మూడేళ్లయితే దీన్ని ఎనిమిదేళ్లూ దించలేదు. భర్తకి చెప్పుకోలేనివి, చెప్పినా ఆయన "ఊఁ" అని వదిలేసేవి, అన్నీ ఆ పిల్లి చెవిలోనే పడేవి. ఆమెకి ఈ లోకంలో అందరికంటే దగ్గరిది ఆ పిల్లే. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడేది గానీ నిజం అదే.

కనేలాకి ఒక చిత్రమైన అలవాటుండేది. అసిమీనా నేల తుడిచి బకెట్టు పక్కన పెట్టగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఆ తడి మీద పడి పొర్లేది. పొట్ట ఆనించి ఈదుతున్నట్టు పాకేది, గడ్డం నేలకేసి రుద్దేది, కళ్లు మూసుకుని గుర్రుగుర్రుమనేది.

"చూడవే దోమ్నా, చూడు! నా బంగారానికి కూడా శుభ్రమంటే ఎంత పిచ్చో. మీ పిల్లులు ఎప్పుడైనా ఇలా చేశాయా?" అని ఎదురింటి దోమ్నాని పిలిచి మరీ చూపించేది అసిమీనా.

"నీ ఇంట్లో పిల్లి కదమ్మా, నీ పోలికే వచ్చింది," అనేది దోమ్నా, చీపురు మీద చేతులానించి.

పోయిన శీతాకాలం దాకా అంతా బాగానే ఉంది. పై అంతస్తులో కొడుకూ కోడలూ ఉంటారు. కోడలు రొదాంథి పన్నుల ఆఫీసులో ఉద్యోగి. మాట మెత్తన, చూపు మాత్రం కాగితాల్లో తప్పు వెతికే చూపు. ఆమెకి నాలుగో నెల నిండిన రోజుల్లో ఒక ఆదివారం భోజనానికి కిందికి దిగి, నల్ల ప్యాంటు మీద నుంచి ఒక దాల్చినరంగు వెంట్రుక రెండు వేళ్లతో తీసి వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

"అత్తయ్యా, రేపు పాప పుట్టాక నేను ఆఫీసుకెళ్తే మీ దగ్గరే వదలాలి కదా. పిల్లి తిరిగే ఇంట్లో ఎలా వదలను చెప్పండి?"

అంతే అంది. అసిమీనాకి ఆ ముక్క ముల్లులా దిగింది. ముప్పై నాలుగేళ్లలో ఆమె ఇంట్లో వేలెత్తి చూపిన మనిషి లేదు. మర్నాటి నుంచి క్లోరిన్ రెట్టింపు పోసింది. తుడిచాక మంచినీళ్లతో ఇంకోసారి తుడిచే అలవాటుండేది, అదీ మానేసింది, వాసన సాయంత్రం దాకా నిలవాలని. రెండు వారాలు తిరిగేసరికి కనేలా గోక్కోవడం మొదలుపెట్టింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆ వీధిలో ఎవరికీ తట్టలేదు.

మొదట గడ్డం కింద ఎర్రబడింది. తర్వాత పొట్ట మీద, తొడల లోపల బొచ్చు ఊడింది. నాలుకతో అదేపనిగా నాకి నాకి పుండు చేసుకునేది. రోజంతా గోకుడే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కుదురుగా ఉండలేక దూకేసేది, దూకిన చోట మళ్లీ గోక్కునేది. అసిమీనాకి తన ఒళ్లే మండుతున్నట్టుండేది.

దోమ్నా చూసి దిష్టి అని తేల్చేసింది. ఎర్ర పిల్లులకి తొందరగా తగులుతుందట. గిన్నెలో నీళ్లు పోసి, నూనె చుక్కలు వేసి, పెదాలు కదుపుతూ ప్రార్థన చదివి, దవడలు ఊడిపోయేలా మూడుసార్లు ఆవులించింది. ఎంత దిష్టి ఉంటే తీసేవాళ్లకి అన్ని ఆవులింతలట.

"అయ్యో, ఎంత దిష్టే తల్లీ! చూడు, నూనె చుక్క ఎలా చెదిరిపోయిందో. ఎవరో నీలికళ్లావిడ చూసింది."

"మా కోడలివి నీలికళ్లే," అంది అసిమీనా.

"నేను పేర్లు చెప్పకూడదమ్మా," అంది దోమ్నా.

దిష్టి తీశాక కనేలా ఆ గిన్నెలో నీళ్లు తాగి, వెళ్లి తలుపు వెనక గోక్కుంది. మందుల షాపాయన తనకి తోచిన పూత ఒకటిచ్చాడు. అది పూస్తే ఇంకా నాకింది, వాంతి చేసుకుంది. చివరికి లాజరోస్ కారు తీస్తే పశువుల డాక్టరు దగ్గరికి పోయారు. డాక్టరు వయా ముప్పై ఏళ్ల పిల్ల, ఓపిక ఉన్న మనిషి. చర్మం గీకి భూతద్దం కింద చూసింది. గజ్జి పురుగు లేదు. నీలం దీపం వేసి చూసింది, తామర లేదు. గోమార్లు లేవు. తిండి మార్పించి నెల రోజులు చూసింది, తేడా లేదు.

"ఇంట్లో కొత్తగా ఏమైనా మారిందా, అసిమీనాగారూ? కొత్త సబ్బు, కొత్త దుప్పటి, ఇంకేమైనా?" అని అడిగింది.

అసిమీనా మెడ నిటారుగా పెట్టింది. "మా ఇంట్లో ముప్పై నాలుగేళ్లుగా ఏదీ మారలేదమ్మా. మా నేల మీద గిన్నె లేకుండా సూపు పోసుకుని తాగొచ్చు."

అబద్ధమాడాలని కాదు. ఎక్కువ శుభ్రం చేయడం ఆమె దృష్టిలో మార్పే కాదు. డాక్టరు కాగితం మీద "కారణం తెలియలేదు" అని రాసింది. ఇంటికొచ్చిన అసిమీనా, జబ్బేదో ఇంట్లోనే పొంచి ఉందని భయపడి, క్లోరిన్ ఇంకో రెండు మూతలు ఎక్కువ పోసింది. కనేలా పరుగెత్తుకొచ్చి అందులో పొర్లింది.

ఈస్టరు వెళ్లిన వారానికి పాప పుట్టింది. బాప్తిస్మం అయ్యేదాకా పేరుండదు కాబట్టి అందరికీ పాపే. నలభై రోజులు తల్లీ బిడ్డా గడప దాటరు. నలభయ్యో రోజున చర్చికి తీసుకెళ్తారు, అక్కడి నుంచి బిడ్డ అడుగుపెట్టే మొదటి ఇల్లు నాయనమ్మది. ఆ ఇల్లాలు బిడ్డ ఒళ్లో గుడ్డు, పంచదార, దూది పెట్టి, తల దూదిలా తెల్లబడేదాకా బతకమని దీవిస్తుంది. వీధిలో ఆడవాళ్లంతా చూడటానికి వస్తారు. అసిమీనా ఈ రోజు కోసం పెళ్లికి ఎదురుచూసినట్టు ఎదురుచూస్తోంది.

పాలిస్తూ కూర్చున్న రొదాంథి అత్తగారిని పైకి పిలిపించింది. పక్కనే ఆమె తల్లి ఇయోర్దానా ఉంది. పురుడు పోయడానికి ద్రామా అనే ఊరి నుంచి దిగిన మనిషి, దిగిన రోజు నుంచీ ప్రతి సొరుగూ తెరిచి చూస్తోంది.

"అత్తయ్యా, మీ మనసు కష్టపెట్టాలని కాదు. ఆ పిల్లికున్నదేంటో డాక్టరుకే తెలీదంటున్నారు. నలభయ్యో రోజుకల్లా తగ్గితే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. తగ్గకపోతే మాత్రం నా బిడ్డ వచ్చేటప్పటికి ఆ ఇంట్లో ఉండకూడదు."

"గజ్జి అయితే ఏం చేస్తావు, చెప్పు? పసిగుడ్డు ఒంటికి అంటుకుంటే?" అంది ఇయోర్దానా.

"గజ్జి కాదు. డాక్టరు చూసింది."

"మరేంటో చెప్పమను."

అసిమీనా మెట్లు దిగింది. వంటింట్లో కింద కూర్చుని కనేలాని ఒళ్లోకి లాక్కుని, "నిన్ను ఎవరికీ ఇవ్వనే. వీళ్లందరి మొహానా కొట్టినట్టు తగ్గించి చూపిస్తాను," అంది. కనేలా ఆమె చేతులు వాసన చూసి నాకింది.

మర్నాడే మళ్లీ డాక్టరు దగ్గరికి. లాజరోస్ పిల్లిని బల్ల మీద వెల్లకిలా పట్టుకున్నాడు. వయా చాలాసేపు చూసింది. పొట్ట, తొడలు, గడ్డం, అరికాళ్లు. వీపు మీద ఒక్క మచ్చ లేదు. తల వంచి పొట్ట దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"నేల దేనితో తుడుస్తారు?"

"దేనితో ఏంటమ్మా, క్లోరిన్‌తో."

"ఎంత?"

అసిమీనా చెప్పింది. గొప్పగానే చెప్పింది. వయా కళ్లు మూసి తెరిచింది.

"ఇది తడి నేల మీద పొర్లుతుందా?"

"రోజూ పొర్లుతుంది! శుభ్రమంటే అంత ఇష్టం దానికి."

"అసిమీనాగారూ, పిల్లులకి ఆ వాసనంటే ఒక రకం మత్తు. అన్నీ కాదు గానీ చాలా పిల్లులు దానికోసం పడి చస్తాయి. ఇది రోజూ క్లోరిన్‌లో స్నానం చేస్తోంది, ఆపైన నాక్కుంటోంది. నేలకి తగిలే చోటే కాలింది చూడండి. ఏ జబ్బూ లేదు. మంచినీళ్లతో తుడవండి, మూడు వారాల్లో బొచ్చు వచ్చేస్తుంది." గొంతు తగ్గించి మరో మాట అంది. "పసిపాప కూడా వస్తోందన్నారు కదా. పాకే పిల్లల ఒంటికి కూడా అంత క్లోరిన్ మంచిది కాదు."

కారులో అసిమీనా పిల్లిని ఒళ్లో పెట్టుకుంది. పిల్లికి నయమవుతుందన్న సంతోషం ఆమెకి రాలేదని కాదు, వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. తన చేత్తోనే, తను గర్వపడే పనితోనే, ఐదారు నెలలుగా దాన్ని కాల్చింది. ఇది రొదాంథికి తెలిస్తే ఏమంటుంది? ఇయోర్దానాకి తెలిస్తే ద్రామా దాకా చాటింపు వేయదూ? "పిల్లినే కాల్చిన మనిషికి పిల్లనెలా అప్పగిస్తాం" అనరూ? ఇల్లు చేరేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. క్లోరిన్ మానేస్తుంది. ఎందుకు మానేసిందో మాత్రం ఎవరికీ చెప్పదు.

మానేసింది కూడా. మొదటి పొద్దున ఉత్త నీళ్ల బకెట్టు చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. కనేలా పరుగెత్తుకొచ్చి తడి నేల వాసన చూసి, మోసపోయినట్టు ఆమె మొహంలోకి చూసి వెళ్లిపోయింది. పది రోజులకి ఎరుపు తగ్గింది. పద్దెనిమిది రోజులకి పొట్ట మీద పీచ్ పండు నూగులాంటి బొచ్చు మొలిచింది. మధ్యాహ్నాలు అసిమీనా ఒళ్లో గంటల తరబడి కదలకుండా నిద్రపోయేది. ఆ బరువు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆమెకి లేచి వంట చేయాలనిపించేది కాదు. లాజరోస్ ఒకరోజు భోజనం దగ్గర పిల్లి పొట్ట మీద వేలితో రాసి, "బాగయ్యావే," అన్నాడు. ఆయన ఒక రోజులో అన్న మాటలన్నీ కలిపితే అంతే.

ముప్పై ఎనిమిదో రోజున దోమ్నా గుమ్మంలో ఆగింది.

"ఏమే అసిమీనా, ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉన్నానే, ఏం?"

"ఏం లేదులే. ఈ మధ్య నీ మెట్ల మీద వాసన రావట్లేదని వీధిలో అనుకుంటున్నారు. వయసు మీద పడుతోంది కదా, చేతకాకపోతే చెప్పు, మా పనిపిల్లని పంపుతా."

చేతకాకపోతే! అసిమీనా చెవుల్లో ఆ మాట గంటలా మోగింది. అదే సాయంత్రం పైనుంచి ఇయోర్దానా గొంతు కిటికీలోంచి కిందికి వినిపించింది. కావాలనే వినిపించింది.

"మీ అత్తగారు పెద్ద శుభ్రగత్తె అన్నావు కదే? మెట్లు ఎక్కి దిగుతున్నాను, ఒక్క రోజు వాసన తగిలితే ఒట్టు. అలాంటి ఇంట్లోకి ఎల్లుండి బిడ్డని మొదటిసారి తీసుకెళ్లాలా?"

"అమ్మా, మెల్లగా," అంది రొదాంథి.

ఆ రాత్రి అసిమీనాకి నిద్ర పట్టలేదు. ముప్పై తొమ్మిదో రోజు పొద్దున కొట్టుకి వెళ్లి నాలుగు సీసాలు తెచ్చింది. ఒక్క రెండు రోజులేగా అనుకుంది. పిల్లిని ఎక్కడైనా కట్టడి చేస్తే సరిపోతుందిగా అనుకుంది. కనేలాని స్నానాల గదిలో పెట్టి తలుపేసి, ఇల్లంతా, మెట్లన్నీ, గుమ్మం బయట వీధి రాళ్లు కూడా క్లోరిన్‌తో ముంచేసింది. వాసన మళ్లీ మలుపు దాకా కొట్టింది. దోమ్నా ముక్కు మూసుకుని, "ఇప్పుడొచ్చావు దారికి!" అని నవ్వింది. నలభయ్యో రోజు తెల్లవారి మళ్లీ అదే పని.

ఒక్క చోట మాత్రం ఆమె చేయి ఆమె మాట వినలేదు. అతిథులు చేతులు కడుక్కునేది స్నానాల గదిలోనే కదా. దాన్ని వదిలేయగలదా? పిల్లిని పెట్టే ముందు రెండు రోజులూ ఆ గది నేలని కూడా అదే చేత్తో, అదే అలవాటున, అంత చిక్కగానే కడిగింది. కడిగి, ఆరకముందే, కనేలాని లోపలికి వదిలి తలుపేసింది. కడిగేటప్పుడు ఆమె బుర్రలో పంచదార గిన్నె, దూది, ఎవరెక్కడ కూర్చోవాలి, కురబియేదెస్ బిస్కెట్ల మీద పంచదార పొడి చాలిందా, ఇవే ఉన్నాయి. ఇది నేను ఆమె తరఫున వెనకేసుకొస్తున్నది కాదు. క్లోరిన్ పిల్లిని కాలుస్తుందని తెలిసి తెలిసి చేసిన పని ఇది.

పదకొండింటికి చర్చి నుంచి వచ్చారు. రొదాంథి చేతుల్లో పాప, వెనక ఇయోర్దానా, స్ట్రాటోస్, వీధి ఆడవాళ్లు పది పన్నెండు మంది. గడపలోనే ఇయోర్దానా ముక్కు ఎగబీల్చింది, కళ్లు తుడుచుకుంది.

"అమ్మయ్య! ఇదీ ఇల్లంటే. నేననవసరంగా నోరు జారాను, వదినగారూ, ఏమీ అనుకోకండి."

అసిమీనా మొహం వెలిగిపోయింది. పాప ఒళ్లో గుడ్డు పెట్టింది, పంచదార పెట్టింది, దూది తల మీద తాకించింది. ఆడవాళ్లంతా "నూరేళ్లు, నూరేళ్లు" అన్నారు. పళ్లెం తిరిగింది, కాఫీలు తిరిగాయి. లాజరోస్ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు దోమ్నా చేతికంటిన పంచదార పొడి కడుక్కోవడానికి లేచి స్నానాల గది తలుపు తీసింది.

కనేలా బయటికి వచ్చింది. మత్తులో ఉన్నట్టు తూలుతూ గది మధ్యకి నడిచి, అందరి ముందూ వెల్లకిలా పడి పొర్లింది. పొట్టంతా పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. కొత్తగా వచ్చిన నూగు తడిసి ఊడి అట్టకట్టింది. గడ్డం కింద చర్మం లేచిపోయింది. లేచి, గోక్కుని, బాధతో ఒక్క అరుపు అరిచింది.

"గజ్జి!" అని ఇయోర్దానా కేకపెట్టింది. "చెప్పానా నేను? బిడ్డని తీసేయండి ఇక్కణ్ణుంచి!"

రొదాంథి పాపని గుండెకి అదుముకుని గోడదాకా వెనక్కి జరిగింది. ఆమె మొహంలో కోపం లేదు, నిజమైన భయం ఉంది. "అత్తయ్యా, తగ్గిందన్నారు కదా. మీరేగా చెప్పారు తగ్గిందని. అసలేంటది? డాక్టరేమన్నారు?"

గది మొత్తం అసిమీనా వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. గజ్జి కాదు, నా క్లోరిన్ అది, నేనే చేశాను. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఆమె దోమ్నాని చూసింది, ఇయోర్దానాని చూసింది, మెరుస్తున్న నేలని చూసింది.

"డాక్టరుకి కూడా అంతు పట్టలేదమ్మా," అంది. "ఏం చేస్తాం, తగ్గే జబ్బు కాదు కాబోలు."

స్ట్రాటోస్ చెడ్డవాడేమీ కాదు, భార్య వణకడం చూడలేకపోయాడు. పైనుంచి డైపర్లు వచ్చిన అట్టపెట్టె తెచ్చి కనేలాని అందులో పెట్టాడు. చేపల రేవులో పిల్లులకి తిండి పెట్టే ముసలాయన ఉన్నాడని, అక్కడ బాగానే ఉంటుందని, అందరికీ వినపడేలా రెండుసార్లు చెప్పాడు. పెట్టెలోంచి గోళ్ల చప్పుడు మెట్ల కింది దాకా వినిపించింది. ఆ తర్వాత రొదాంథి ఏడుపు దిగమింగుకుని వచ్చి, పాపని అత్తగారి చేతుల్లో పెట్టింది.

"మీకెంత కష్టమో నాకు తెలుసు అత్తయ్యా. నా బిడ్డ కోసం చేశారు. ఈ మాట మర్చిపోను."

ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. అసిమీనా పాపని ఎత్తుకుని నిలబడింది. ఆమెకి ఏ సంతోషమూ కలగలేదు.

ఎనిమిదేళ్లు గడప దాటని పిల్లి చేపల రేవులో ఎన్ని రోజులుంటుంది? రెండు రోజులు బోర్లించిన పడవ కింద నక్కి ఉందని, తిండి ముట్టలేదని, మూడో రోజు కనబడలేదని ఆ ముసలాయన స్ట్రాటోస్‌కి చెప్పాడు. స్ట్రాటోస్ తల్లికి చెప్పాడు. అప్పటి నుంచి అసిమీనా మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఊరంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ, ఎవరి కంటా పడకుండా రేవుకి పోయేది. వీధిలో ఎవరైనా చూస్తే ఏమని చెప్పాలో కూడా అనుకుని ఉంచుకుంది, చేపల కోసమని. ఆ వేళకి చేపలెవరూ అమ్మరు. మంచు గిడ్డంగి వెనకా, వలల గుట్టల మధ్యా వంగి వంగి చూసేది. గట్టిగా పిలవడానికి నోరు రాక గొణిగినట్టు పిలిచేది. ఎన్నో పిల్లులు వచ్చేవి. తెల్లవి, నల్లవి, ఒంటికన్నువి.

పన్నెండో రోజు మధ్యాహ్నం మరమ్మతు పడవల వెనక ఎవరో మగమనిషి పిలుస్తున్న గొంతు వినిపించింది. "కనేలా! రావే తల్లీ, కనేలా!" అంత గట్టిగా ఆ గొంతు పలకడం ఆమె ఎప్పుడూ విని ఎరగదు, అందుకే ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయింది. పడవ చుట్టూ తిరిగి చూస్తే లాజరోస్. మోకాళ్ల మీద కూర్చుని పడవ కిందికి చూస్తున్నాడు. పక్కన సంచిలో చేప తలకాయలు.

"నువ్వు కాఫీ దుకాణంలో లేవా?"

"పన్నెండు రోజులుగా లేను. పొద్దున్నుంచీ ఇక్కడే ఉంటున్నాను. భోజనం చేసి మళ్లీ వస్తున్నాను."

ఆమె ఒక తాళ్ల చుట్ట మీద కూర్చుంది. ఇన్నాళ్లుగా దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

"లాజరోస్, దానికి గజ్జి కాదు. అది..."

"క్లోరిన్," అన్నాడాయన. "డాక్టరమ్మ చెప్పినప్పుడు పిల్లిని పట్టుకున్నది నేనే కదా."

అసిమీనా తెల్లబోయింది. ముప్పై నాలుగేళ్లుగా ఆ మనిషి ఇంట్లో కుర్చీ ఎంతో అంత. ఆ గదిలో ఆయనకీ చెవులున్నాయన్న సంగతే ఆమె లెక్కలోకి తీసుకోలేదు. మరుక్షణం ఆమెకి ఒళ్లు మండింది.

"తెలిసీ ఊరుకున్నావా? అంతమందిలో గోడకి ఆనుకుని బొమ్మలా నిలబడ్డావే! ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా! నీకు నోరు లేదా? అది నీ పిల్లి కాదా?"

లాజరోస్ మెల్లగా లేచాడు. మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

"నువ్వు చెప్తావేమోనని చూశాను," అన్నాడు. "స్ట్రాటోస్ పెట్టెకి టేపు అంటించేదాకా చూశాను."

సంచి తీసుకుని తర్వాతి పడవ దగ్గరికి నడిచాడు.